కచేరి అయిపోయినంక కలవాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అభిమాన గాయకులను, వాద్యకారులను కచేరి తర్వాత కలవడం గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చేవి ఎంచి ఇక్కడ జవాబిస్తున్నాం. ఉత్తరాలను కాస్త కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు): హైదరాబాదులో కర్ణాటక సంగీత కచేరికి పోయిన. మంగళం కాగానే అందరూ స్టేజీ ఎక్కుతుంటే నేనూ ఎక్కిన. పాడినామె నా మొకం గూడ సరిగ్గ చూడలేదు. మళ్లీ అదే విదుషి కచేరి ఉంది. ఈసారి ఎట్ల కలవాలి?

జవాబు: సౌరాష్ట్ర రాగంలో మంగళం వినగానే కచేరి ముగిసిందని మనం లేస్తాం. స్టేజీ మీద ఉన్నవాళ్లకు మాత్రం అక్కడి నుంచి ఇంకో పది పదిహేను నిమిషాల పని ఉంటుంది. మృదంగం ఎడమవైపు, అంటే తొప్పి మీద, గోధుమరవ్వ ముద్ద అంటించి వాయిస్తారు. ఆ మంద్రనాదం దానివల్లే వస్తుంది. దాన్ని తడి ఆరకముందే గీకి తీసేయాలి, ఎండితే చర్మాన్ని పట్టేసుకుంటుంది. వయొలిన్ విద్వాంసులు కమాను బిగువు వదులు చేసి, తీగల కింద రాలిన రోజిన్ (కమానుకు పూసే బంక) పొడి తుడిచి పెట్టెలో పెట్టాలి. అప్పుడు మీరు చెయ్యి చాపితే వాళ్ల చేతికి రవ్వో పొడో అంటుకొని ఉంటుంది. వాళ్లకు ఇబ్బంది, మీకు చిన్నతనంగా ఉంటుంది. ముద్దుగా ఉంది కదా అని కమాను వెంట్రుకలను వేలితో తాకే పని అసలే వద్దు. చేతి జిడ్డు అంటిన చోట రోజిన్ పట్టదు, తీగ మీద కమాను జారుతుంది. వీణ మెట్లు మైనంలో నిలిపినవి కాబట్టి వాటినీ నొక్కి చూడొద్దు.

ఇక గాయని విషయం. రెండున్నర, మూడు గంటలు పాడిన గొంతులో స్వరతంత్రులు కొంచెం వాచి ఉంటాయి. గోలగా ఉన్నచోట జనాన్ని మించి గట్టిగా మాట్లాడాల్సి రావడం పాడటం కంటే ఎక్కువ శ్రమ. ఆమె మీ వైపు చూడకపోవడానికి ఇదే కారణం అయ్యుండొచ్చు. చూస్తే మాట్లాడాలి, ఒకరితో మాట్లాడితే పదిమందితో మాట్లాడాలి.

కాబట్టి ఏర్పాటు కచేరికి ముందే చేసుకోండి. హాలుకు అరగంట ముందు చేరి, బ్యాడ్జి పెట్టుకున్న సభ నిర్వాహకుల్లో ఒకరిని పట్టుకొని, "మహబూబ్‌నగర్ నుంచి వచ్చానండి, కచేరి తర్వాత ఒక్క నిమిషం నమస్కారం చేసుకొని వెళ్తాను, ఎక్కడ నిలబడమంటారు?" అని అడగండి. కచేరికి ముందు వాళ్లకు ఊపిరి పీల్చుకునే తీరిక ఉంటుంది. తర్వాత హాలు ఖాళీ చేయించే తొందర, భోజనాల తొందర, కారు పిలిచే తొందర. నిలబడమన్న చోటే నిలబడండి. మామూలుగా అది స్టేజీ పక్క మెట్ల నుంచి గ్రీన్‌రూంకు పోయే దారి. దారికి అడ్డంగా కాకుండా గోడవైపు ఉండండి. స్టేజీ ఎక్కమంటే చెప్పులు కింద విడవండి, మైకు వైర్లు చూసుకొని అడుగేయండి. సౌండు సిస్టం ఆపక ముందు మైకుకు కాలు తగిలితే స్పీకర్లలో వచ్చే చప్పుడుకు అందరూ ఉలిక్కిపడతారు. కళాకారులను గ్రీన్‌రూంలో కచేరికి ముందు కలిసే ప్రయత్నం మాత్రం చేయొద్దు. అది శ్రుతి చూసుకునే వేళ.

ఆమె మంచినీళ్లు తాగి, చాప మీద నుంచి లేచాక దగ్గరికి వెళ్లండి. చెప్పే మాట ఇంటి దగ్గరే అనుకొని వెళ్లక్కరలేదు, ఆ రోజు విన్నదాంట్లోంచే తీయండి. "చాలా బాగా పాడారు" అనేది ఆమె ఆ సాయంత్రం యాభైసార్లు వింటుంది. "తోడి ఆలాపనలో గాంధారం దగ్గర ఆగినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయిందమ్మా" అంటే ఆమె ఆగి మీ మొకం చూస్తుంది, ఎందుకంటే ఆ చోట ఆమె కూడా అదే గమనించి ఉంటుంది. రాగం పేరు తెలియకపోతే దాచుకోవద్దు. "మూడో కీర్తన ఏ రాగమండీ?" అని అడగండి. ఒక్క మాటలో చెప్పగల ప్రశ్న అది, చెప్పడం ఆమెకూ ఇష్టమే. "మా ఊరికి వచ్చి పాడతారా", "మా అమ్మాయికి ఆన్‌లైన్‌లో చెప్తారా" వంటివి అక్కడ అడగొద్దు. వాటికి నిలబడి జవాబు చెప్పలేరు.

పాదాలకు దండం పెట్టాలని ఉంటే ఖాళీ ఉన్నప్పుడే పెట్టండి. గుంపులో ఒకరు వంగితే వెనకవాళ్లు మీద పడతారు. రెండు చేతులూ జోడిస్తే చాలు. పక్కవాద్యాల వాళ్లకు కూడా ఒక మాట చెప్పి రండి. తని ఆవర్తనంలో, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే భాగంలో, మీకు నచ్చిన ముక్తాయింపు ఒకటి ఉంటే మృదంగ విద్వాంసుడికి చెప్పండి. ఆయన దగ్గరికి వచ్చేవాళ్లు తక్కువ.

ప్రశ్న (నల్లగొండ): కచేరి తర్వాత ఆగితే బస్సు దొరకదని భయం. రాత్రికే వాపస్ రావాలి.

జవాబు: నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాయి. కానీ దారులు వేరు, ఎక్కే చోట్లు వేరు. నల్లగొండ బస్సులు ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగా చౌటుప్పల్, నార్కట్‌పల్లి వైపు పోతాయి. పాలమూరు బస్సులు ఆరాంఘర్, శంషాబాద్ మీదుగా షాద్‌నగర్, జడ్చర్ల వైపు. రవీంద్రభారతిలో కచేరి అయితే మీకు పని సులువు. అసెంబ్లీ లేదా లక్డీకాపూల్ స్టేషన్లో మెట్రో ఎక్కితే అదే రైలు ఎంజీబీఎస్ మీదుగా ఎల్బీనగర్ దాకా పోతుంది, మారాల్సిన పని లేదు. శిల్పకళావేదిక అయితే హైటెక్ సిటీ స్టేషన్లో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారాలి. దానికి గంట పైనే పెట్టుకోండి.

లెక్క వెనక నుంచి వేయండి. చివరి బస్సు వేళ, చివరి మెట్రో వేళ ఆ రోజు పొద్దున్నే చూసి రాసుకోండి, అవి మారుతుంటాయి. దాంట్లోంచి ప్రయాణానికి ఒక గంట (శిల్పకళావేదిక అయితే ఇంకొంచెం ఎక్కువ), కళాకారుణ్ని కలవడానికి నలభై నిమిషాలు తీసేయండి. మిగిలిన వేళకు కచేరి ముగుస్తుందా లేదా చూడండి. సాయంత్రం ఆరున్నరకు మొదలయ్యే శాస్త్రీయ కచేరి తొమ్మిది, తొమ్మిదింపావుకు అయిపోతుంది, కాబట్టి కుదురుతుంది. మైదానంలో జరిగే సినిమా పాటల కచేరి అయితే కుదరదు. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట మైకు రాత్రి పదికి ఆపాలి కాబట్టి సరిగ్గా పది దాకా పాడతారు. తర్వాత వేలమంది ఒక్కసారే గేటు దగ్గరికి వస్తారు. ఆ రాత్రి బంధువుల ఇంట్లో ఉండే ఏర్పాటు లేకపోతే కలిసే ఆలోచన మానుకొని, చివరి పాటకు ముందే బయటపడటం మంచిది.

ప్రశ్న (వనపర్తి నుంచి ఒక విద్యార్థి): గిటార్ మీద మా అభిమాన సంగీత దర్శకుడి సంతకం తీసుకోవాలి. ఏ పెన్ను తీసుకపోవాలె? ఎక్కడ పెట్టించాలె?

జవాబు: గిటార్ లేతరంగుదైతే నల్ల పర్మనెంట్ మార్కర్, ముదురు రంగుదైతే వెండి రంగు పెయింట్ మార్కర్ తీసుకెళ్లండి. పెయింట్ మార్కర్ కొత్తగా కొన్నదైతే మూత పెట్టే బాగా ఊపి, పనికిరాని కాగితం మీద మొనను నొక్కి, రంగు దిగేదాకా రాసి చూడండి. ఇది ఇంటి దగ్గర చేయాల్సిన పని. ఆయన చేతికిచ్చాక పెన్ను రాయకపోతే ఆ ఒక్క నిమిషం పోయినట్టే.

సంతకానికి చోటు ముఖ్యం. కుడిచేత్తో వాయించేటప్పుడు మోచెయ్యి ఆనే పై అంచు, పొట్టకు తగిలే వెనక భాగం వద్దు. చెమట, రాపిడి కలిసి కొన్ని నెలల్లోనే చెరిపేస్తాయి. మెడకు దగ్గరగా ఉండే పైభాగం మంచిది. పిక్ తగలని చోటైతే పిక్‌గార్డు మీదైనా పెట్టించొచ్చు. ముందు పొడి మెత్తని గుడ్డతో తుడవండి, చేతి జిడ్డు మీద సిరా నిలవదు. సంతకం అయ్యాక ఐదు నిమిషాలు సంచిలో పెట్టకండి. తర్వాత దాని మీద పాలిష్ కొట్టొద్దు, వార్నిష్ పూయించొద్దు. వాటిలోని ద్రావకం సిరాను కరిగించి పులిమేస్తుంది. ఎండ పడే గోడకు వేలాడదీసినా సిరా వెలిసిపోతుంది.

గిటార్ లేనివాళ్లకూ కొన్ని మాటలు. నునుపు ఫొటో మీద బాల్ పెన్ను గీరుతుంది, జెల్ పెన్ను పులుముకుంటుంది, అక్కడ మార్కరే వాడాలి. మామూలు కాగితం మీద బాల్ పెన్నే నిలుస్తుంది. పాత గ్రామఫోన్ రికార్డు అయితే లోపలి డిస్కు ఇంట్లో పెట్టి అట్ట మాత్రమే తీసుకెళ్లండి, నొక్కి రాస్తే ఆ ఒత్తిడి డిస్కుకు పడుతుంది. సీడీ అయితే లోపలి కాగితం మీద. టీషర్టు అయితే గుడ్డ లోపల అట్ట పెట్టి, లాగి పట్టుకోండి. చేతిలో ఎప్పుడూ ఒక గట్టి అట్ట ఉండాలి, ఎందుకంటే ఆయన నిలబడే సంతకం చేస్తాడు. సంగీతం నేర్చుకునేవాళ్లు తమ స్వరాల నోటుబుక్కు తీసుకెళ్తే అన్నిటికంటే మంచిది. ఆ పుస్తకం తెరవగానే విద్వాంసులు రెండు పేజీలు తిప్పి చూస్తారు.

మృదంగం మీద, వీణ మీద రాయమని అడగొద్దు. అవి పూజలో పెట్టుకునేవి, చాలామంది కళాకారులు రాయడానికి ఒప్పుకోరు. డప్పు చర్మం మీద రాయించినా నిలవదు, వాయించే ముందు ప్రతిసారీ మంట దగ్గర కాపాల్సిందే కదా.

ప్రశ్న (గద్వాల): మా దగ్గరి గుర్తుగా ఏమన్నా ఇయ్యాలని ఉంది. గద్వాల చీర ఇస్తే బాగుంటదా? సీతాఫలాలు తీసుకపోవాలా?

జవాబు: సీతాఫలం వద్దు. బాలానగర్ సీతాఫలం ఎంత పేరున్నదైనా, పండిన కాయ బస్సులో రెండు గంటలకే నలుగుతుంది. అది తీసుకొని గాయని విమానం ఎక్కాలి. దేశీయ విమానాల్లో చేతిసంచికి మామూలుగా ఏడు కిలోలే అనుమతి, అందులో తంబూర యంత్రం, శ్రుతిపెట్టె, నీళ్ల ఫ్లాస్కు ఉంటాయి. అద్దం బిగించిన జ్ఞాపికలు కూడా అందుకే హోటల్ గదుల్లో మిగిలిపోతాయి. ఇంట్లో చేసిన తినుబండారాలు ఎవరూ తినరు. తెలియనివాళ్లు ఇచ్చింది తిని గొంతు చెడితే తర్వాతి కచేరి పోతుంది కాబట్టి అందులో తప్పు పట్టాల్సింది లేదు. ఘాటు వాసన పూలదండలు గాయకుల గొంతుకు పడవు.

గద్వాల చీర ప్రేమతో ఇచ్చేదే. అయితే ఖరీదైన వస్తువు ముక్కు మొఖం తెలియనివాళ్ల దగ్గర తీసుకోవడానికి చాలామంది వెనకాడతారు. తేలికైనది, మడిస్తే చేతిసంచిలో పట్టేది చూడండి. గద్వాల అంచు ఉన్న నూలు కండువా, నారాయణపేట కండువా, లేదా పుట్టపాక తేలియా రుమాలు. నూనెలో, క్షారంలో పదేపదే నానబెట్టిన నూలుతో నేసే ఆ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని గురించి చిన్న కాగితం మీద రాసి పెడితే వాళ్లకు దాచుకోబుద్ధి అవుతుంది. టేపులు వేసి గట్టిగా చుట్టకండి, సెక్యూరిటీ వాళ్లు చింపి చూస్తారు. కాగితం సంచి చాలు.

దానితోపాటు ఒక పేజీ ఉత్తరం పెట్టండి. మీ పేరు, ఊరు, ఏ పాట ఎప్పుడు విన్నారు, అది మీకేమైంది. చేతిరాత ఉత్తరాన్ని ప్రయాణంలో తీరిగ్గా చదువుతారు. కానుక లేకపోయినా ఉత్తరం ఒక్కటే ఇవ్వొచ్చు, మా సలహా అయితే అదే.

ప్రశ్న (అచ్చంపేట): జాతరల కిన్నెర వాయించేటాయనను చూసిన. ఆయనతోని ఒక పాట పాడించుకొని వీడియో తీసి పెట్టాలని ఉంది. పైసలు ఇస్తే తప్పుగా అనుకుంటడా?

జవాబు: పైసలు ఇవ్వడమే సరైన పద్ధతి. పాట ఆయన బతుకుదెరువు. పన్నెండు మెట్ల కిన్నెరతో నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాక ఆ వాద్యం పేరు దేశమంతా విన్నది. కానీ జాతరల్లో వాయించేవాళ్లకు ఆ రోజు వచ్చే రాబడే ఆధారం.

ముందు ఫోన్ జేబులోనే ఉంచండి. ఆయన వాయిస్తున్న పాట పూర్తిగా వినండి. తర్వాత "పెద్దయ్యా, ఒక పాట పాడతవా, వీడియో తీసుకుంట, ఎంత ఇయ్యమంటవు?" అని అడిగి, ఆయన చెప్పింది బేరం ఆడకుండా ముందే చేతిలో పెట్టండి. పాట కూడా ఆయన్నే ఎంచుకోనివ్వండి. పాలమూరు దిక్కు కిన్నెర మీద పండుగ సాయన్న అనే జానపద వీరుడి కథ పాడే ఆనవాయితీ ఉంది. అది వచ్చా అని అడిగితే మీరు తెలిసి వచ్చారని ఆయనకు అర్థమవుతుంది. కథ మొదలైతే మధ్యలో ఆపమనకండి. ముప్పై సెకన్ల ముక్క కోసం కథను తెంపమనడం ఆ మనిషిని కించపరచడమే.

వీడియో చెడేది బొమ్మ వల్ల కాదు, చప్పుడు వల్ల. కిన్నెర నాదం మెత్తగా ఉంటుంది, జాతర మైకులు దాన్ని మింగేస్తాయి. దుకాణాల వరుస దాటి, చెట్టు నీడకో గుడి వెనక గోడ పక్కకో రమ్మనండి. ఎండలో కూర్చోబెట్టొద్దు, ఆయనకే కాదు, మెట్లను నిలిపే మైనం కూడా వేడికి మెత్తబడుతుంది. ఫోన్ అడ్డంగా పట్టుకొని మూడు అడుగుల దూరంలో కూర్చోండి, సొరబుర్రలు మీ ఫోన్ వైపు తిరిగి ఉండాలి. గాలి వీస్తుంటే మీ వీపు గాలికి అడ్డం పెట్టండి. ఫోన్ మైకు రంధ్రం మీద వేలు లేకుండా చూసుకోండి. ఇది చాలామంది చేసే పొరపాటు. పది సెకన్లు తీసి, విని చూసి, అప్పుడు మొదలుపెట్టండి.

నెట్‌లో పెట్టడానికి విడిగా అనుమతి అడగండి. కాపీరైట్ చట్టంలోని 38వ సెక్షన్ ప్రదర్శన మీద కళాకారుడికే హక్కు ఇస్తుంది, ఊరి జాతరలో పాడినా అది ఆయనదే. పేరు, ఊరు ఆయన చెప్పినట్టే రాయండి. ఫోన్ నంబరు పెట్టమంటేనే పెట్టండి, పెడితే కచేరీలకు పిలిచేవాళ్లకు పనికొస్తుంది. వీడియో ఒక కాపీ వాళ్ల ఇంట్లో ఎవరి ఫోనుకైనా అక్కడే పంపండి, తర్వాత పంపుతామంటే పంపలేరు. దాని మీద మీకు డబ్బులు వస్తే ఆయన వాటా ఆయనకు చేరాలి.

కార్తీకంలో కురుమూర్తి, మాఘంలో మన్యంకొండ, చెరువుగట్టు, రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గర పెద్దగట్టు. వీటిల్లో ఎక్కడికి పోయినా పద్ధతి ఇదే. ఒగ్గు కథ బృందాన్ని కలవాలంటే మాత్రం రాత్రంతా కథ చెప్పినవాళ్లని గుర్తుంచుకోండి. తెల్లారి చాయ్ తాగే వేళ రెండు మాటలు మాట్లాడి వదిలేయండి. డబ్బు ప్రధాన కథకుడి చేతికి ఇవ్వండి, డోలు వాయించినవాళ్లకు, తాళం వేసినవాళ్లకు కూడా పేరు పేరునా మంచిమాట చెప్పండి.

ప్రశ్న (మిర్యాలగూడ): సినిమా గాయకుడి మేనేజర్‌నని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకతను ఐదువేలు కడితే కచేరి తర్వాత కలిపిస్తానంటున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: కట్టొద్దు. కళాకారుణ్ని కలిపించే టికెట్టు నిజంగా ఉంటే అది కచేరి టికెట్లు అమ్మే చోటే అమ్ముతారు, దాని మీద నిబంధనలు రాసి ఉంటాయి. సొంత యూపీఐ నంబరుకు వేయమన్నారంటే అక్కడే ఆగండి. "అడ్వాన్సు వాపస్ ఇస్తాం, పిన్ కొట్టండి" అంటే అది కచ్చితంగా మోసం, డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. ఇప్పటికే కట్టి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, స్క్రీన్‌షాట్లు చెరపకండి.

అసలైన టికెట్టు కొన్నవాళ్లు కూడా నిబంధనలు చదవాలి. చాలాచోట్ల కలిసేది కచేరికి ముందు ఉంటుంది, ఆలస్యంగా వస్తే లోపలికి పోనివ్వరు. ఫొటో ఒక్కరితో కాకుండా పదిమందిని కలిపి తీస్తారు. వీఐపీ అని రాసి ఉంటే అది ముందువరస కుర్చీకే కావొచ్చు. టికెట్టు మీద ఉన్న పేరుతోనే ఉన్న గుర్తింపు కార్డు అసలుది తీసుకెళ్లండి.

ప్రశ్న (సూర్యాపేట నుంచి ఒక తల్లి): మా అమ్మాయికి పదహారేండ్లు. ఒక గాయకుడంటే ప్రాణం. కచేరి తర్వాత హోటల్‌కు వస్తే కలవొచ్చని ఎవరో చెప్పారట. వద్దంటే ఏడుస్తున్నది.

జవాబు: హోటల్‌కు వద్దు, మీరు తోడున్నా గదికి వద్దు. ఆ గాయకుడు ఎంత మంచివాడైనా సరే. పిలిచింది ఆయనేనని మీకు తెలియదు, ఆయన పేరు చెప్పి ఎవరైనా పిలవొచ్చు. కలవడం హాల్లో, నలుగురి ముందు, మీరు చెయ్యి అందేంత దూరంలో ఉండగా జరగాలి. ఆ "ఎవరో" ఎవరు, మాటలు ఏ ఫోన్‌లో జరిగాయి అని అమ్మాయిని కోప్పడకుండా అడిగి చూడండి. కోప్పడితే ఈసారి చెప్పకుండా పోతుంది. ఆ మాటల్లో మీకు అనుమానం కలిగితే ఆడపిల్లల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు చెప్పండి, అత్యవసరమైతే 112.

కచేరికి మాత్రం తీసుకెళ్లండి. సభ వాళ్లు పెట్టే సోదాహరణ ప్రసంగాలు, శిక్షణ శిబిరాలు ఉంటే ఇంకా మంచిది. అక్కడ జనం తక్కువ, ప్రశ్నలు అడిగే సమయం విడిగా ఇస్తారు, పిల్లలు అడిగితే కళాకారులు ఓపిగ్గా చెబుతారు.

ప్రశ్న (జడ్చర్ల): కలిసిన ప్రతిసారీ ఫొటో మసకగా వస్తున్నది.

జవాబు: నైట్ మోడ్ ఆపండి. అది ఒకటి రెండు సెకన్లు వెలుతురు పోగుచేస్తుంది, ఆలోపు మనుషులు కదులుతారు. లెన్సు గుడ్డతో తుడవండి. దీపం మీ వెనక కాకుండా మీ ఇద్దరి మొకాల మీద పడేచోట నిలబడండి. సెల్ఫీ మాని, కెమెరా తెరిచిన ఫోన్‌ను వెనకున్నవాళ్ల చేతికిచ్చి వరసగా నాలుగైదు తీయమనండి. కచేరి అంతా వీడియో తీసి ఉంటే అప్పటికి చార్జింగ్, మెమరీ రెండూ అయిపోయి ఉంటాయి.

ప్రశ్న (దేవరకొండ): నేను పాటలు రాస్త, బాణీ కడత. కలిసినప్పుడు పెన్‌డ్రైవ్ ఇస్తే వింటరా? ఎవరన్నా వాడుకుంటరేమోనని భయం కూడ ఉంది.

జవాబు: పెన్‌డ్రైవ్ ఎవరూ తమ కంప్యూటర్‌కు పెట్టరు, వైరస్ భయం. చేతిరుమాలంత కాగితం మీద మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు, పాట పల్లవి, వినడానికి క్యూఆర్ కోడ్ ముద్రించి తీసుకెళ్లండి. ఒకే పాట, మీ పాటల్లో అన్నిటికంటే బలమైనది. పల్లవి మొదటి పదిహేను సెకన్లలోపే వినిపించాలి, ముందు పొడవైన సంగీతం పెట్టొద్దు. కాగితాన్ని వీలైతే కళాకారుడి చేతికి కాకుండా ఆయన బృందంలో కీబోర్డు వాయించేవారికో, సంగీత ఏర్పాట్లు చూసేవారికో ఇవ్వండి. కొత్త పాటలు వినే తీరిక, అవసరం వాళ్లకే ఎక్కువ. అక్కడే పాడి వినిపిస్తానని నిలబడొద్దు.

హక్కు విషయానికొస్తే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట కాగితం మీదికో రికార్డుకో ఎక్కిన క్షణం నుంచే అది మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ తగాదా వస్తే రుజువుగా పనికొస్తుంది. సాహిత్యానికి ఒకటి, బాణీకి ఒకటి విడివిడిగా దరఖాస్తు చేయాలి, ఒక్కోదానికి 500 రూపాయల రుసుము. ఆన్‌లైన్లోనే చేయొచ్చు. అంత ఖర్చు ఇప్పుడే వద్దనుకుంటే, కాగితం ఇచ్చే ముందు రోజు పాట రికార్డును, సాహిత్యాన్ని మీ మెయిల్ నుంచి మీకే పంపి పెట్టుకోండి, తేదీ దాని మీద పడి ఉంటుంది. ఎవరికి ఇచ్చారు, ఏ తేదీన, ఏ హాల్లో అనేది ఒక పుస్తకంలో రాసుకోండి. నెల రోజుల తర్వాత ఒక్కసారి మర్యాదగా గుర్తుచేయండి. జవాబు రాకపోతే అదే పాటను ఇంకొకరికి ఇవ్వడంలో తప్పేమీ లేదు.